కుడివైపున మొదటి ఏడాది

12 ఫిబ్రవరి 1953, జమ్మికుంట

మంచి మొక్కలు ఏరుకుంటూ నాలుగేళ్లు పెంచిన మా సర్కారు వ్యవసాయ ఫారం పత్తి ఈ రోజు విత్తనంతో సహా మిల్లుకు పోయింది. దిగుబడి ఏటేటా పడిపోతున్నదని కొత్త ఆఫీసరు ఆ రకాన్ని రద్దు చేశారు.

బండి కదులుతుంటే పత్తి ఏరే మల్లవ్వ నా దగ్గరికి వచ్చింది.

"ఏటికేడు నా ఒడి బరువైతనే ఉండె గద సారూ. గిది తగ్గిందని ఎవలు చెప్పిండ్రు?"

ఇంటికొచ్చి, నేను దిగుబడి లెక్కలు రాసే పాత ఉర్దూ రిజిస్టరు తీశాను. నా చదువంతా ఉర్దూలోనే సాగింది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు కాబట్టి ఆ పట్టికలో మొదటి ఏడాది కుడివైపున ఉంటుంది. ఇకపై అన్నీ ఇంగ్లీషులోనే రాయాలని సర్కారు హుకుం వచ్చింది. కొత్త పట్టికలో ఏళ్లు ఎడమ నుంచి అచ్చేసి ఉన్నాయి. నేను అంకెలు ఇంగ్లీషులోకి మార్చాను గానీ, గళ్లు పాత వరుసలోనే దించాను. పెరిగిందంతా తగ్గినట్టు కనబడింది.

రేపు ఆఫీసరుకు చెప్పాలి. ఉర్దూ చదువులతో ఇదే తంటా అంటారేమో. అన్నా అనకపోయినా విత్తనం తిరిగి రాదు.

మల్లవ్వకే ఏం చెప్పాలో తోచడం లేదు. ఎవరు చెప్పారని అడిగింది. చెప్పింది నేనే.