సెలస్టీన్ ఒలిచిన తోళ్ళు

నా నజేర్‌కి, సెలస్టీన్ రాసేది.

ఇక్కడ మేం కులాసా. మీ అమ్మకి చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి గాని నోరు మాత్రం పట్టెయ్యలేదు, కాబట్టి దిగులు పడకు. కుక్కలూ బాగున్నాయి. నువ్వు కాస్త ఒళ్ళు చేశావని, ఇప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చోనిస్తున్నారని రాసిన ముక్కని మీ అమ్మ నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. "ఏం పెడుతున్నారట వాడికి?" అంది. గంజీ, కోడిగుడ్లూ అన్నాను. "దుప్పి మాంసం పెట్టకుండా ఊపిరితిత్తులు ఎట్లా బాగవుతాయి?" అని ఆ డాక్టర్ని చాలాసేపు తిట్టింది. ఈ ఉత్తరంతో పాటు ఎండు మాంసం పంపిస్తోంది. నర్సులు చూడకుండా తిను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కట్టెలు సరిపడా ఉన్నాయి. కప్పు మీద మంచు నేనే తోస్తున్నాను. సరస్సులో మంచు కింద వలలు వేసే ఉన్నాయి, చేపకి లోటు లేదు. ఇక ఇసిదోర్ పెళ్ళాం నీకు రాసిన సంగతి. మనింట్లో పిల్లులంతేసి మార్టెన్ల బొచ్చుతోళ్ళు ఆరుతున్నాయట, అవి ఎవరివి అని అడిగావు.

నావి.

ఉత్తరం అడుగున నువ్వు రాసిన ఆ ఇంకో మాటకి నేనూ అడుగునే జవాబు చెబుతాను. ముందు ఇది విను.

నిన్ను విమానం ఎక్కించాక, సరస్సు అంచులు గడ్డకట్టే రోజుల్లో ఇసిదోర్ వచ్చాడు. టీ తాగాడు. నీ గురించి మంచిగానే అడిగాడు. తర్వాత, "వదినా, అడవిలో అన్నయ్య ఉచ్చులు పెట్టే దారి ఊరికే పడి ఉండడం ఎందుకు? ఈ చలికాలం నేను నడుస్తాను. నీకూ పెద్దమ్మకీ మాంసానికి లోటు రానివ్వను" అన్నాడు. మీ చిన్నాన్న కొడుకు చెడ్డవాడని నేననను. కానీ ఆ మాట అంటూనే గోడకి వేలాడే నీ ఉచ్చుల్ని చూపులతో ఏరుకుంటున్నాడు. మీ అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఎంత అరుదో నీకు తెలుసుగా.

"ఆలోచించి చెబుతాను మరిదీ" అన్నాను. మర్నాడు ఆ ఉచ్చులు స్లెడ్జి బండి మీద వేసుకుని దానికి కుక్కల్ని కట్టాను.

దారి నాకు కొత్త కాదు. పోయిన చలికాలం నువ్వు దగ్గుతూ నడుస్తుంటే మూట మోసుకుని నీ వెనకాలే వచ్చాను. ఏ చెట్టు దగ్గర ఏ ఉచ్చో నా కాళ్ళకి గుర్తుంది. నాకు కొత్తదల్లా ఇంటికి తెచ్చాక చెయ్యాల్సిన పని. మా అమ్మావాళ్ళది సరస్సు అవతలి ఒడ్డు, మేం చేపల మనుషులం. మనింట్లో తోలు ఒలిచే పని ఎప్పుడూ నీదీ మీ అమ్మదీ. నేను పక్కన కూర్చుని టీ పోశానే గాని కత్తి పట్టింది లేదు.

మొదటి మార్టెన్ దొరికినప్పుడు ఎగురుకుంటూ వచ్చాను. అది కట్టెలా బిగుసుకుపోయి ఉంది. తొందర ఆగక దాన్ని పొయ్యి పక్కనే పెట్టాను. ఒక పక్క వేడెక్కి పాడయింది, ఇంకో పక్క ఇంకా రాయిలాగే ఉంది. కత్తి పెట్టేసరికి పొట్ట మీద బొచ్చు పిడికిళ్ళతో ఊడి వచ్చింది. మిగిలినదాన్ని లాగితే చిరిగింది. ఎట్లాగో పూర్తిచేసి మీ అమ్మ ఒళ్ళో పెట్టాను. ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనవు కదా, వేళ్ళతో తడిమింది. ఒక చిరుగులోంచి వేలు బయటికి వచ్చింది. ఇంకో చిరుగులోంచి ఇంకో వేలు.

"కోడలా, నేను తోలు అడిగితే నువ్వు వల అల్లుకొచ్చావేం?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నవ్వింది. నవ్వి, తర్వాత మెల్లగా, "అది తన ఒంటి చొక్కా నీకిచ్చింది పిల్లా. తీసుకునేటప్పుడు మర్యాదగా తీసుకో. పో, ఉడుతలు పట్టుకురా" అంది.

అలా ఉడుతల దగ్గర మొదలుపెట్టించింది. ఉడుత తోలు ఎంత పల్చనో నీకు చెప్పక్కర్లేదు. దాన్ని చిరక్కుండా తీశాక మార్టెన్ తోలు దుప్పటిలా అనిపించింది. ఇప్పుడు పొయ్యికి దూరంగా, దూలానికి వేలాడదీసి, దానంతట అదే మెత్తబడేదాకా ఆగుతాను. వెనక కాలి మడమ నుంచి రెండో మడమ దాకా ఒకే గీత. అక్కణ్ణుంచి కత్తి తక్కువ, వేళ్ళెక్కువ. మేజోడు విప్పినట్టు తలవైపు లాక్కురావడమే. తోక నన్ను చాలా ఏడిపించింది. రెండుసార్లు తోక నా చేతిలోకి తెగి వచ్చింది. ఆఖరికి మీ అమ్మ నాచేత ఒక పుల్లని నిలువునా చీల్పించి, తోక ఎముకకి రెండు పక్కలా బిగింపజేసి, "ఊపిరి బిగబట్టు, ఒక్కటే లాగు" అంది. ఎముక జర్రున వచ్చేసింది. నేను కేక పెడితే కుక్కలు మొరిగాయి.

కొవ్వు గీకడంలో చెయ్యి బరువు పెట్టకూడదని ఆవిడ నా మణికట్టు పట్టుకుని నేర్పింది. లోతుగా గీకితే బొచ్చు కుదుళ్ళు తెగి, అవతలి వైపు వెంట్రుకలు రాలతాయి. "తల్లి పిల్ల మొహం తుడిచినట్టు" అనేది. గట్టిగా గీకితే అదే చేత్తో ఫట్మని వేసేది కూడా. తోలు సాగదీసి ఆరబెట్టడానికి నువ్వు చెక్కిన పలకల్లో మంచివి రెండే మిగిలాయి. మిగతావి దేవదారు చెక్కతో నేనే చెక్కాను, నున్నగా, కొస సన్నంగా. తోలు లోపలివైపు పైకి ఉండేలా పలకకెక్కించి, ఆరాక పలక సులువుగా ఊడేలా పొట్టకింద సన్నని చెక్క చీలిక దూర్చి, చల్లటి వసారాలో పెడతాను. కాస్త ఆరాక, ఇంకా వంగుతూ ఉండగానే బొచ్చు పైకి తిప్పుతాను. ఆలస్యమైతే పగులుతుందని నువ్వు మీ అమ్మతో అనేవాడివే, ఆ మాట ఒక తోలు తనే పగిలి నాకు మళ్ళీ చెప్పింది.

ఇక అసలు జరిగింది. క్రిస్మస్‌కి అడవి దారుల్లోంచి అందరూ ఊళ్ళోకి వచ్చినప్పుడు, చర్చి పక్క హాల్లో వేటగాళ్ళ సభ పెట్టారు. నడిచేవాడు లేని దారిని ఇంకొకరికి ఇవ్వడం మన సభ అలవాటే కదా. ఇసిదోర్ లేచి నీ దారి తనకిమ్మని అడిగాడు. "అన్నయ్య తిరిగొచ్చినా ఆ ఊపిరితో మంచులో నడవలేడు" అన్నాడు. ఆ మాట అందరి ముందూ వినడం నాకు కష్టమైంది, నజేర్. నీకు రాయడం ఇంకా కష్టంగా ఉంది. కానీ నువ్వూ ఆ మాటే రాశావు కదా.

నేను మూట విప్పి తోళ్ళు బల్ల మీద పరిచాను.

వేటగాళ్ళలో పెద్దాయన జెరోమ్ తాత ఒక్కొక్కటీ తీసి బొచ్చులోకి ఊది చూశాడు. తిరగేసి లోపల చూశాడు. ఇసిదోర్ నవ్వి, "పెద్దమ్మ చేతిపని దాగుతుందా తాతా?" అన్నాడు.

మీ అమ్మ బెంచీ మీంచి లేచింది. కీళ్ళ వాపుతో వంకర్లు పోయిన రెండు చేతులూ వాడి మొహం ముందు పెట్టింది. "ఈ చేతులతో నా బూటు తాడు కట్టుకోలేక కోడలిచేత కట్టించుకుంటున్నాను. తోలు ఒలిచానా? నీ చెవులైతే ఒలవగలను, ఇటు రా!"

అందరూ గొల్లుమన్నారు. ఇసిదోర్ మొహం ఎర్రబడింది. బయటికెళ్ళి ఆ పొద్దున తన ఉచ్చులో దొరికిన మార్టెన్‌ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది ఇంకా గడ్డకట్టలేదు. "అయితే ఇక్కడే ఒలువు వదినా" అన్నాడు.

కత్తి తీశాను. కాళ్ళ దగ్గర గీత పడ్డాక హాలు, మనుషులు అన్నీ దూరమైపోయాయి. తోక ఒక్క లాగుకి వచ్చింది. చెవులు కపాలానికి ఆనించి కోశాను. కళ్ళు దాటాను. మూతి దగ్గరికి వచ్చేసరికి పెదవి పక్కన కత్తి జారి చిన్న గాటు పడింది. ఎవరూ చూడలేదు. తోలు తీసి జెరోమ్ తాత చేతిలో పెడుతూ, "పెదవి దగ్గర కోశాను తాతా, ఇదిగో ఇక్కడ" అన్నాను.

ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "నేను నీకన్నా చాలా ముందునుంచి అక్కడే కోస్తున్నానమ్మా" అన్నాడు. ఇసిదోర్ కూడా నవ్వేశాడు. ఆ తోలు నాకే ఉంచుకోమన్నాడు, నేను తీసుకోలేదు. పలకకెక్కించి వాడికే ఇచ్చాను.

ఇప్పుడు నీ ఆఖరి మాటకి వద్దాం. ఊపిరితిత్తిలో ఒక ముక్క తీసేస్తారని, దారి ఇసిదోర్‌కిచ్చి, కుక్కల్ని అమ్మి, అమ్మని తీసుకుని పాదరీల మిషన్ దగ్గరికి వెళ్ళి ఉండమని రాశావు. నువ్వు ఆ మాట రాసేటప్పటికే ఇక్కడ సభ అయిపోయింది. దారి నా పేరున రాయించుకున్నాను. నిన్ను అడగలేదు.

నీ కోసమే కాపాడి ఉంచానని రాద్దామని ఇందాక ఒక కాగితం మొదలుపెట్టాను. మొదట్లో అది నిజమే. ఇప్పుడు కాదు. పొద్దున్నే కుక్కలు ముందుకు దూకినప్పుడు, చెట్ల మధ్య నా ఉచ్చు నేను వెతుక్కుంటున్నప్పుడు, నాకెంత బాగుంటుందో నీకు చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. నువ్వు తిరిగొచ్చాక ఆ దారి నీకు ఇచ్చేసి మళ్ళీ టీ పోస్తూ కూర్చోలేను. మీ అమ్మకి చెప్పాను. "నాకెప్పుడో తెలుసు, వాడికి చెప్పు" అంది.

నీకు కోపం వస్తే రానీ, రాయి. కానీ ఇంటికి వచ్చి ఏం చెయ్యాలని మాత్రం అడక్కు. తోలు పనికి ఊపిరి అక్కర్లేదు, చేతులు కావాలి. నీ చేతులకి ఏ జబ్బూ లేదు. మూతి దగ్గర గాటు పడకుండా ఒలిచేవాడు ఈ సరస్సు చుట్టూ నువ్వొక్కడివే అని మొన్న జెరోమ్ తాతే అన్నాడు. నేను అడవిలోంచి తెస్తాను. నువ్వు ఒలిచి పలకకెక్కించు. ఆ పెదవి ఎట్లా తిప్పాలో నాకు నేర్పించు. ఆపరేషన్‌కి ధైర్యంగా వెళ్ళు. బయటికొచ్చాక ముందు నీ వేళ్ళు ఆడించి చూసుకో.

ఉత్తరం తీసుకెళ్ళే పైలట్ తొందరపెడుతున్నాడు.

ఇట్లు,
మీ అమ్మ కోడలు, నీ ఇల్లాలు,
సెలస్టీన్