ఎడపల్లి దాటినంక వెలిగిన లైటు

మంగళవారం, పండుకునే ముందు

అత్తకు కంటి కట్టు విప్పించి నిజామాబాద్ నుంచి బోధన్‌కు కారుల తీస్కొస్తున్న. ఎడపల్లి దాటంగనే టైర్ల గాలి తక్కువుందని పసుపు లైటు వెలిగింది. మొన్న వెలిగితే మా ఆయన, "చలికి గట్లనే వస్తది, పట్టించుకోకు" అన్నడు. ఇయ్యాల గూడ గంతే అనుకున్న గని మనసొప్పలే. ఎనక వస్తున్న చెరుకు ట్రాక్టర్‌ను పోనిచ్చి పక్కకు ఆపిన.

ఎనక టైరుకు ఇనుప మొల దిగింది, గాలి సగం పోయింది. ఫోన్ చేస్తే ఎడపల్లి పంచర్ దుకాణమాయన వచ్చి చూసి, "ఇంకింత దూరం పోతే పగిలేదక్కా" అన్నడు. అత్త నా చెయ్యి పట్టుకొని, "మంచిగ ఆపినవ్ బిడ్డ" అన్నది.

పంచర్ ఏసినంక లైటు ఆరింది. మొన్న వెలిగింది నిజంగ చలికేనా, లేక అప్పటికే మొల ఉండెనా...

నేను నడిపితే ఎప్పుడు డోరు పట్టుకొని కూసునే అత్త, బోధన్ దాక నిమ్మళంగ నిద్రపోయింది.