అత్తమ్మను చూడరాదన్న షరతు

పూజ్యులైన అత్తమ్మకు,

స్నేహలత నమస్కరించి రాయునది. హన్మకొండలో నేను, వినోదక్క, బావ అందరం బాగున్నాం. మరిపెడలో మీరు బాగున్నారని, మీ మోకాళ్లు కూడా బాగున్నాయని తలుస్తాను. మోకాళ్ల సంగతిలో మాత్రం మీ మాట నేను నమ్మను.

మీ ఉత్తరం చేరింది. వేళకు తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. చీరల దుకాణంలో మధ్యాహ్నం కాసేపు వదులుతారు, అప్పుడు అక్క కట్టిన డబ్బా విప్పుతాను. అక్క వంట బాగానే ఉంటుంది గానీ, మన హోటల్లో పొద్దుటి గిరాకీ తగ్గాక మనిద్దరం గోడకు ఆనుకుని, మిగిలిన పల్లీ చట్నీతో తిన్న ఇడ్లీల రుచి, చెరో గిలాసలో తాగిన చాయ్ రుచి దేనికీ రావడం లేదు. "జర తిను బిడ్డా, గిరాకీ ఏడికి పోదు" అని పళ్లెం నా ముందుకు తోసేవారు. ఇప్పుడు మీకు సాయం ఎవరు? పిండి మీరే రుబ్బుతున్నారా? ఇవన్నీ రాయండి.

వకీలు మంచిదేనా అని కూడా అడిగారు. మొదట వెళ్లిన వకీలు సంగతి మీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. ఆయన నా మాట సగం కూడా వినలేదు. "మీ అత్త పేరు గూడ రాద్దాం అమ్మా. ముసలామెను స్టేషన్‌కు పిలిపిస్తే కొడుకు దెబ్బకు దారికొస్తడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "మా అత్తమ్మ పేరు మీ నోట్ల రావొద్దు సార్" అని లేచి వచ్చేశాను.

తర్వాత అక్క నన్ను పద్మలత మేడం దగ్గరికి తీసుకుపోయింది. కోర్టు దగ్గర సందులో ఆమె ఆఫీసు. బెంచీ మీద నాలాంటి ఆడవాళ్లు వరుసగా కూర్చుంటారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, ఫోన్లు చూసుకుంటారు. మేడం గద్దిస్తుంది, చాయ్ తెప్పిస్తుంది, మళ్లీ గద్దిస్తుంది. "ఏడ్వాల్నంటే ఇంట్ల ఏడువు. ఇక్కడ ముచ్చట చెప్పు" అంటుంది. ఏం చెప్పాలి? కొట్టాడా అంటే లేదు. తాగుతాడా అంటే లేదు. ఐదేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాతో మాట్లాడలేదు మేడం, అన్నాను. అన్నం పెట్టు, తలుపు వేయి, అంతకు మించి మాట లేదు. అది మీకూ తెలుసు. ఆమె పెన్ను పక్కన పెట్టి నన్నే చూసింది. "ఇద్దరి ఇష్టంతోని విడిపోయే దరఖాస్తు పెడుదాం" అంది. కేసు తేలేదాకా మీకు ఫోన్ చేయవద్దన్నది కూడా ఆమే. అందుకే ఈ ఉత్తరాలు.

మీ ఉత్తరం చివర ఒకటి అడిగారు. "ఇంకేం గావాల్నని సంతకం ఆపుతున్నవు బిడ్డా? వాని మీద ఆశనా, పంతమా?" దానికే జవాబు రాయలేక ఇన్ని రోజులు ఆగాను. ఆశ కాదు, పంతమూ కాదు.

రాజీ కాగితంలో ఒక షరతు ఉంది. ఇకపై ఒకరి కుటుంబంతో ఇంకొకరు ఏ సంబంధమూ పెట్టుకోరాదు, ఆ ఇంటికి పోరాదు అని. నగలకు, సామాన్లకు, అన్నింటికీ సరేనన్నాను. అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. "ఇది అందరి కాయితాలల్ల ఉండేదే. కంప్యూటర్ల అట్లనే ఉంటది, పేర్లు మార్చి తీస్తరు. పెట్టు సంతకం" అంది మేడం. అంటే మా అత్తమ్మ దగ్గరికి పోవద్దా, అన్నాను. పోవద్దంది. అయితే పెట్టనన్నాను. వాయిదా పడింది. మళ్లీ అదే మాట, మళ్లీ వాయిదా. చివరికి మేడం నెత్తి పట్టుకుంది. "అత్త మీద కేసు ఎయ్యమనేటోళ్లనే చూసిన గని, అత్త కోసం కేసు ఆపేటిదాన్ని నిన్నే చూస్తాన" అంది. కోపమో నవ్వో తెలియలేదు. మీకు రాద్దామంటే సిగ్గేసింది. కొడుకు వద్దు, తల్లి కావాలంటే నలుగురూ నవ్వరా?

మొన్న బుధవారం కౌన్సిలింగ్ గదిలో అందరం కూర్చున్నాం. మీ అబ్బాయి శశాంక్ తరఫు వకీలు విసుక్కున్నాడు. "అసలు ఈమెకు ఏం గావాలె?" మేడం నన్ను మోచేత్తో పొడిచింది. "నువ్వే చెప్పు."

శశాంక్‌నే చూస్తూ చెప్పాను. "నాకు అత్తమ్మ గావాలె. అప్పుడప్పుడన్న పోయి చూసి రావాలె. మా అమ్మ పోయినంక నా తలకు నూనె పెట్టింది ఆమెనే. ఆమెను చూడొద్దంటే నాతోని గాదు."

వాళ్ల వకీలు నవ్వబోయాడు. శశాంక్ "ఆ లైను తీసెయ్యండి సార్" అన్నాడు.

"రేపు లొల్లి అయితది బాబూ."

"కానియ్యండి. మా అమ్మ గూడ పొద్దుగాల రెండు గిలాసల చాయ్ పోసి, ఒకటి పారబోస్తాంది."

అత్తమ్మా, నాకు అక్కడే ఏడుపు తన్నుకొచ్చింది. అన్నీ చూస్తూనే ఉన్నాడన్నమాట! ఐదేళ్లు ఆ నోటి నుంచి ఇలాంటి ఒక్క మాట కోసం ఎదురుచూశాను. తీరా విడిపోయే రోజున వచ్చింది. ముందే వచ్చి ఉంటే నేను ఆ ఇల్లు దాటేదాన్నే కాదు.

ఇక దాచను. సంతకాలు అయిపోయాయి. దరఖాస్తు పెట్టి ఆరు నెలలు ఎప్పుడో దాటాయి కాబట్టి, అదే సాయంత్రం జడ్జిగారు విడాకులు ఇచ్చేశారు. శశాంక్ మీకు చెప్పి ఉండడు. బయటికి వస్తుంటే నా పక్కన ఆగి, "అమ్మకు నువ్వే రాయి. నాతోని చెప్పుడు గాదు" అన్నాడు.

ఇప్పుడు కాగితం నన్ను ఆపదు. ఆపగలిగేది మీరొక్కరే. ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. వచ్చి అందరిలాగే హోటల్ బయట బెంచీ మీద కూర్చుంటాను. కొడుకును వదిలేసినదాన్ని రానివ్వడానికి మీ మనసు ఒప్పకపోతే, ఒక ప్లేటు పూరీ పెట్టి పైసలు తీసుకోండి. ఏమీ అనను, తిని వెళ్లిపోతాను. పైసలు వద్దంటే మాత్రం, కొంగు బిగించి నేరుగా లోపలికి వచ్చేస్తాను.

ఇట్లు,
ఇప్పటికీ మీ కోడలు,
స్నేహలత