పసుపు పెట్టిన కరపత్రములు

నాయనా రామం,

ఉత్తరము మొదట "చిరంజీవి" అని వ్రాయబోయి కలము ఆపితిని.

నీ భార్య సీత గురజాలలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పు బడి పెట్టుచున్నది. కరపత్రములు నరసరావుపేట ప్రెస్సులో వేయించు స్తోమతు మనకు లేదు. నీ నాటకముల కరపత్రములకని నీవు చెక్కిన పూలతీగ అచ్చును ఆముదపు మసిలో అద్ది, అంచులు నేనే వేసితిని. నడుమ మాటలు చేతితో వ్రాసితిని. తప్పు ఒక్కటియు లేదు, నీవు చూచినను దొరకదు.

శుభమునకు పంచు కాగితములు గనుక మూలలకు పసుపు పెట్టవలెను. సీత పసుపుగిన్నె అందుకొనగానే పొరుగింటి సుబ్బమ్మ అడ్డుపడినది.

"ఏందమ్మే, మొగుడు పోయినదానివి, నువ్వు పెడితే ఎట్టా? ఇటియ్యి, నేను పెడతా."

సీత చేయి వెనుకకు తీసికొన్నది.

"బడి అమ్మాయిది, సుబ్బమ్మా. ఈ పూలతీగ దాని మగడు చెక్కినది. పసుపు మరి ఎవరు పెట్టవలెను?" అంటిని.

సుబ్బమ్మ గొణుగుకొనుచు వెళ్లినది. సీత అన్నిటికిని పసుపు పెట్టినది. పిదప చేయి కడుగుకొనక, ఆ వ్రేళ్లవంకనే చూచుచు కూర్చున్నది.

నేను నీ అచ్చును పెరటిలోనికి తీసికొనిపోయి, మసి వదలిన తరువాత కూడ కడుగుచునే ఉంటిని.

మీ నాన్న