కొత్త కోటు కోసం వెతకొద్దు

భోజనం స్టవ్ పక్కన మూతపెట్టి ఉంచాను, తినండి. కొత్త కోటు కోసం బీరువా అంతా పీకి పందిరెయ్యకండి. దాన్ని షాపులో వాపసు ఇచ్చేయడానికి తీసుకెళ్తున్నాను.

ఆఫీసు పార్టీకి మీ మేనేజరు అంత మంచి కోటు వేసుకొస్తుంటే, ఆయన పక్కన పాతదానితో నిలబడితే పరువు పోతుందన్నారు మీరు. పాప కళ్ళజోడుకని దాచిన డబ్బు నాకు చెప్పకుండా తీసినప్పుడు పోలేదా పరువు? బోర్డు కనబడక పిల్ల పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకుంటోంది! కోటు డబ్బు చేతికి రాగానే పాపని అటునుంచి అటే కళ్ళజోడు షాపుకి తీసుకెళ్తాను.

మీ పాత కోటు ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. మోచేతి దగ్గర చిరుగు కనబడకుండా కుట్టాను. అది వేసుకుని పార్టీకి వెళ్తే వెళ్ళండి, లేదంటే ఇంట్లో కూర్చోండి. నలుగురూ ఏమనుకుంటారని మాత్రం మళ్ళీ నా దగ్గర అనకండి.

ఇంకో మాట. అందరికీ ఎడమవైపు ఉండే పై జేబు మీ మేనేజరు కోటుకి కుడివైపు ఉంటుంది, చూడండి. రంగు వెలిసిందని ఆయన నా కుట్టుమిషను దగ్గరికి తెస్తే, బట్ట లోపలి వైపు బయటికి తిప్పి కుట్టింది నేనే; అందుకే జేబు అటు మారింది. ఎక్కడా అనకండి. "కొత్తది తర్వాత కొనుక్కుంటానమ్మా, ముందు మా అమ్మాయి ఫీజు కట్టాలి" అన్నాడాయన.