గట్టి రాయి

1984 మార్చి, మంగళవారం. భద్రాచలం రోడ్డు క్యాంపు.

డ్రిల్లింగ్ పనికి వచ్చే ముత్తయ్య ఈరోజు గోనెసంచి నిండా రాళ్లు మోసుకొచ్చి నా ముందు పోశాడు. అన్నీ చెకుముకి రాళ్లే.

"మా ఊరి సున్నపురాయిల ఏరి ఏరి తెచ్చిన సార్. సుత్తెతోని కొడితే నిప్పులు రాలుతున్నయ్. గింత గట్టి రాయి ఇంకేడ దొరుకుతది? ఇగ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చినట్టే గద?"

రాయి ఎంత గట్టిదైతే అంత మంచిదని ఊరంతా నమ్ముతోంది. సిమెంటుకు కావలసింది సున్నం; ఆ నిప్పులు రాల్చే గడ్డలే వీళ్ల సున్నపురాయి కొండను సిమెంటుకు పనికిరాకుండా చేశాయని ఎలా చెప్పను? ఇక్కడ సముద్రం ఉన్న కాలంలో, అడుగున పేరుకున్న సున్నపు బురదలోకి, ఇసుకలో ఉండే సిలికా కలిసిన నీరు ఊరింది. సున్నం రవ్వంత కరిగిన చోటల్లా సిలికా రవ్వంత చేరి, ఈ చెకుముకి గడ్డలై కూర్చుంది. ఊరు పుట్టకముందే ఊరి సంగతి తేలిపోయింది.

ఫ్యాక్టరీ కోసం నేను చేసిన సర్వే రిపోర్టులో ఈ రాయి పనికిరాదని నిన్ననే రాసేశాను. అతనితో మాత్రం "చూద్దాం" అన్నాను. ఎందుకన్నానో...

"అవ్ సార్, మంచిగ చూడుండ్రి. రేపు ఇంకా గట్టియి తెస్త" అంటూ ఖాళీ సంచి దులుపుకుని వెళ్లాడు.