హాల్లో ఎర్ర బొమ్మ

బావగారూ,

మీ కాలు తీసేశారని తెలిసి చాలా బాధపడ్డాను. ఆస్పత్రికి రాలేకపోయినందుకు ఏమీ అనుకోకండి. అదే రోజు మీ వీధి మలుపులో పాత సిగ్నల్ విప్పారు. నేను దగ్గరుండకపోతే పనివాళ్ళు గాజు పగలగొట్టేవారు.

రోడ్డు దాటేవాళ్ళ కోసం పెట్టిన ఆ సిగ్నల్ కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. "బాగానే ఉందిగా, ఎందుకు తీస్తాం?" అనేవారు. మిమ్మల్ని బస్సు గుద్దగానే కొత్తది పెట్టేశారు. అంతా మీ చలవే.

ఆగమని చెప్పే ఎర్ర మనిషి బొమ్మ వెలగకే మీరు దాటారని అక్క ఏడ్చింది. అది వెలగడం లేదని నాకెప్పుడో తెలుసు. చెబితే బాగుచేసి అక్కడే ఉంచేస్తారని నోరు మెదపలేదు. నేనా మాట చెప్పినప్పటి నుంచి అక్క నా ఫోను ఎత్తడం లేదు. మీరే కాస్త నచ్చజెప్పండి.

ఇప్పుడది మా హాల్లో, నేను సేకరించిన మిగతా సిగ్నళ్ళ నడుమ, రాజాలా ఉంది. మొదటిసారి అందరి ముందూ స్విచ్ మీరే వెయ్యాలి. మెట్లెక్కించడానికి మనిషిని పెడతాను.

అన్నట్టు, ఎర్ర బల్బు మాడిపోలేదండీ. హోల్డర్‌లో కాస్త వదులైందంతే. ఒక్క తిప్పు తిప్పాను, వెలిగింది.

మీ బావమరిది